రికార్డు చేసిన సిగ్నల్‌ని జనరేటర్‌లో లూప్‌గా ప్లే చేస్తే సెకనుకోసారి దెబ్బ పడుతోంది: ఏ సెట్టింగ్ తప్పు?

1. కొత్త_బెంచ్

అందరికీ నమస్కారం. మోటారు బేరింగుల వైబ్రేషన్ చూసి అలారం ఇచ్చే మానిటర్ కార్డు ఒకటి పరీక్షిస్తున్నాను. ప్రతి పరీక్షకీ మోటారు నడపడం కుదరదు. అందుకని బాగున్న బేరింగ్ మీద ఒకటి, బయటి రింగు దెబ్బతిన్న బేరింగ్ మీద ఒకటి, ఒక్కో సెకను చొప్పున సిగ్నల్ రికార్డు చేసుకున్నాను. సెకనుకు 51,200 శాంపిళ్లు, కాబట్టి ఒక్కో ఫైల్లో 51,200 పాయింట్లు. మోటారు వేగం 1480 ఆర్‌పీఎం. సెన్సర్ ఒక జీ (భూమ్యాకర్షణ త్వరణమంత) కంపనానికి 100 మిల్లీవోల్టులు ఇస్తుంది.

ఫైల్‌ని ఆర్బిట్రరీ వేవ్‌ఫామ్ జనరేటర్‌లోకి (మనమిచ్చిన పాయింట్లను వోల్టేజ్‌గా బయటికి పంపే పెట్టె) ఎక్కించి ఆగకుండా ప్లే చేయిస్తున్నాను. మొదటిసారి ఎక్కించగానే ఫ్రీక్వెన్సీ 1 కిలోహెర్ట్జ్ అని ఉంది, మొత్తం ఫైలు ఒక మిల్లీసెకనులో అయిపోయింది. 1 హెర్ట్జ్ పెట్టాక దారికి వచ్చింది. కానీ రెండు సమస్యలు మిగిలాయి. ఒకటి, బాగున్న బేరింగ్ ఫైలే ప్లే చేస్తున్నా కార్డు సెకనుకోసారి దెబ్బ చూపించి అలారం కొడుతోంది. రెండు, గరిష్ఠంగా 5 జీ చూపాల్సిన చోట 10 జీ చూపిస్తోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. కార్డు తప్పా, నా ప్లేబ్యాక్ తప్పా తేలడం లేదు.

2. ప్రోబ్_పట్టిన_చెయ్యి

రెండో సమస్య తేలిక, ముందు అది తీసేద్దాం. జనరేటర్ అవుట్‌పుట్ సెట్టింగ్‌లో లోడ్ 50 ఓమ్‌లు అని ఉందా, హై జెడ్ (హై ఇంపిడెన్స్) అని ఉందా చూడండి. చాలా పెట్టెల్లో మొదట 50 ఓమ్‌లే ఉంటుంది. లోపల 50 ఓమ్‌లు, బయట 50 ఓమ్‌లు ఉంటాయనుకుని, సగం లోపలే పడిపోతుందని లెక్కేసి తెర మీద వోల్టేజ్ చూపిస్తుంది. మీ కార్డు ఇన్‌పుట్ హై ఇంపిడెన్స్. అక్కడ సగం పడదు, చూపించినదానికి సరిగ్గా రెండింతలు చేరుతుంది. 5 బదులు 10 రావడానికి అదే కారణం.

ఇంకో సంగతి తప్పకుండా చూడండి. కార్డు ఐఈపీఈ సెన్సర్‌కి (సిగ్నల్ తీగ మీదే కరెంటు తీసుకునే రకం) కరెంటు పంపే రకమైతే ఆ సరఫరా ఆపేశారా? ఆపకపోతే కార్డు తన స్థిర కరెంటును మీ జనరేటర్‌లోకి తోస్తుంది. 4 మిల్లీఆంపియర్లు 50 ఓమ్‌లలో పోతే 0.2 వోల్టులే. కార్డు ఎదురుచూసేది 10 వోల్టుల చుట్టుపక్కల బయాస్, కాబట్టి సెన్సర్ షార్ట్ అయిందని అనుకుంటుంది.

ఇక మొదటి సమస్య. ఫైలు చివర ఎక్కడ ఆగుతోంది, మొదలు ఎక్కడ ఉంది? స్కోప్‌ని ఆ అతుకు మీద ట్రిగ్గర్ చేసి, టైమ్‌బేస్ బాగా దగ్గరకు లాగి, ఏం కనిపించిందో చెప్పండి.

3. కొత్త_బెంచ్

సరఫరా ముందే ఆపేశాను. లోడ్ 50 ఓమ్‌లే ఉంది, హై జెడ్‌కి మార్చగానే కార్డు 5 జీకి వచ్చేసింది. చాలా థ్యాంక్స్.

అతుకు చూశాను. జనరేటర్ సింక్ అవుట్‌పుట్‌తో (లూప్ మొదలైనప్పుడల్లా పల్స్ ఇచ్చేది) ట్రిగ్గర్ చేసి, ఒక గడికి 100 మైక్రోసెకన్లు పెట్టాను. సిగ్నల్ మెల్లగా కిందికి వెళ్తూ మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గర ఉంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా ప్లస్ 110కి లేచి, తర్వాత మళ్లీ మామూలుగా సాగుతోంది. మధ్యలో ఒక్క పాయింటు కూడా లేదు.

4. గడియారం

ఆ నిలువు గీతే మీ దొంగ అలారం. బేరింగ్ రింగులో గుంట మీద గోళం పడినప్పుడు వచ్చేది కూడా ఇలాంటి పదునైన దెబ్బే. అది పట్టుకోవడానికే కార్డు తయారైంది, కాబట్టి కార్డు తప్పేమీ లేదు.

1480 ఆర్‌పీఎం అంటే సెకనుకు 24.67 చుట్లు. మీరు సరిగ్గా ఒక సెకను కోశారు కాబట్టి ఫైల్లో 24 నిండు చుట్లు, ఆ పైన ఇంకో ముక్క చుట్టు ఉన్నాయి. లూప్ మళ్లీ మొదలైనప్పుడు షాఫ్ట్ మూడింట రెండు వంతుల చుట్టు దగ్గర నుంచి ఒక్క గంతులో మొదటికి వచ్చినట్టు అవుతుంది. నిజమైన షాఫ్ట్ అలా గంతు వేయదు. లూప్‌లో నిండు చుట్లు మాత్రమే ఉండాలి.

24 చుట్లకు పట్టే సమయం 24 × 60 / 1480, అంటే 0.97297 సెకను. 51,200తో గుణిస్తే 49,816 పాయింట్లు, ఆ పైన 0.2. అక్కడ కోయండి.

5. కొత్త_బెంచ్

49,816 దగ్గర కోసి మళ్లీ ఎక్కించాను. దెబ్బ బాగా తగ్గింది, కానీ పోలేదు. పైగా రెండు కొత్త వింతలు వచ్చాయి.

జనరేటర్‌లో ఫైలు పొడవు 49,824 అని చూపిస్తోంది. నేనిచ్చింది 49,816. అతుకు దగ్గర స్కోప్‌లో చూస్తే చిన్న చదును గీత, సరిగ్గా సున్నా మీద.

రెండోది, కార్డు స్పెక్ట్రమ్‌లో షాఫ్ట్ వేగం పీక్ 24.67 దగ్గర ఉండాల్సింది 24.0 హెర్ట్జ్‌కి జరిగింది. అంటే 1440 ఆర్‌పీఎం. మోటారు నెమ్మదించినట్టు ఎందుకు కనిపిస్తోంది?

6. నలభైఎనిమిది_బిట్లు

రెండు వింతలకీ మూలం ఒకటే. ఫైల్లో పాయింట్లు మాత్రమే ఉంటాయి, కాలం ఉండదు. కాలం ఎంతో మనం జనరేటర్‌కి విడిగా చెప్పాలి.

మీరు ఫ్రీక్వెన్సీ పద్ధతిలో ఉన్నారు. అక్కడ 1 హెర్ట్జ్ అంటే "ఫైలు ఎంత పొడవున్నా సరే, సెకనుకు ఒకసారి మొత్తం ప్లే చెయ్యి" అని. మొదట 24.67 చుట్లు ఒక సెకనులో పోయాయి, సరిపోయింది. ఇప్పుడు 24 చుట్లే ఉన్న ఫైల్‌ని కూడా అది ఒక సెకనుకు సాగదీస్తోంది. 24 చుట్లు సెకనులో అంటే 1440 ఆర్‌పీఎం. పెట్టె మీరు చెప్పింది చెప్పినట్టే చేసింది.

నా అలవాటు ఇది: రికార్డు చేసిన సిగ్నల్ ఏదైనా సరే శాంపిల్ రేట్ పద్ధతిలోనే ప్లే చేస్తాను. కొన్ని మోడళ్లలో ఆర్బ్ (ఆర్బిట్రరీ) మెనూలోనే ఫ్రీక్వెన్సీకి, శాంపిల్ రేట్‌కి మధ్య మార్చుకునే బటన్ ఉంటుంది. శాంపిల్ రేట్ చెప్పేస్తే ఫైలు పొడవు పెరిగినా తగ్గినా వేగం మారదు. పొడవు మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ మళ్లీ లెక్కగట్టే పని తప్పుతుంది, ఇలాంటి పొరపాటుకు తావే ఉండదు.

ఇక పొడవు. మీ పెట్టె 16 గుణిజాల్లోనే మెమరీ తీసుకుంటోంది. 49,816 అనేది 16తో నిశ్శేషంగా భాగించబడదు, అందుకే 8 సున్నాలు అతికించి 49,824 చేసింది. మీరు చూసిన చదును గీత అదే. కొన్ని పెట్టెలు ఇలా అతికిస్తాయి, కొన్ని ఎర్రర్ ఇచ్చి ఫైల్‌నే తిప్పికొడతాయి. తిప్పికొట్టేవే నయం, కనీసం మనకు తెలుస్తుంది.

పరిష్కారం: 24 చుట్లను సరిగ్గా 49,824 పాయింట్లలో కూర్చండి. అప్పుడు రేటు ఎంత కావాలి? 49,824ని 0.97297తో భాగిస్తే 51,208 వస్తుంది, అదీ కచ్చితంగా. అంటే మీ ఒక సెకను రికార్డును 51,200 పాయింట్ల నుంచి 51,208 పాయింట్లకు రీశాంపిల్ చేసి, అందులో మొదటి 49,824 తీసుకుని, జనరేటర్‌లో శాంపిల్ రేట్ 51,208 పెట్టండి. ముందు మొత్తం రికార్డును రీశాంపిల్ చేసి తర్వాతే కోయండి. కోసి చేస్తే రీశాంపిలింగ్ ఫిల్టర్ అంచుల దగ్గర వంకర తెస్తుంది, ఆ అంచులే మళ్లీ మన అతుకు.

7. డాక్_అభిమాని

ఒక అనుమానం. ఆయన పెట్టె డీడీఎస్ (డైరెక్ట్ డిజిటల్ సింథసిస్) రకమైతే? డీడీఎస్‌లో పాయింట్లు ఎగిరిపోతాయి కదా. రికార్డు చేసిన సిగ్నల్‌కి డీడీఎస్ అస్సలు వాడకూడదని నేను చదివాను.

8. నలభైఎనిమిది_బిట్లు

సగం నిజం. డీడీఎస్‌లో డాక్ (అంకెలను వోల్టేజ్‌గా మార్చే చిప్) గడియారం స్థిరంగా ఉంటుంది, మెమరీలో ఏ పాయింటు చదవాలో ఫేజ్ అక్యుములేటర్ అనే లెక్కింపు భాగం తేలుస్తుంది. గడియారం 125 మెగాహెర్ట్జ్ అనుకుందాం. 51,208 రేటుకి ఒక్కో పాయింటు దాదాపు 2,441 సార్లు తిరిగి తిరిగి వస్తుంది. ఒకోసారి 2,441, ఒకోసారి 2,442, తేడా 8 నానోసెకన్లే. వైబ్రేషన్ పనికి అది లెక్కలోకే రాదు.

పాయింట్లు ఎగిరిపోయేది వేగంగా ప్లే చేసినప్పుడు. ఇదే ఫైల్‌ని 10 కిలోహెర్ట్జ్‌లో ప్లే చేయమంటే సెకనుకు 49.8 కోట్ల పాయింట్లు కావాలి. గడియారం 12.5 కోట్లే ఇస్తుంది, కాబట్టి నాలుగింటిలో ఒకటే బయటికి వస్తుంది. సన్నటి పల్స్ ఏదైనా ఉంటే ఒక చుట్టులో కనబడి ఇంకో చుట్టులో మాయమవుతుంది.

చూడాల్సింది ఇంకోటి ఉంది. కొన్ని చిన్న పెట్టెల్లో ఆర్బ్ మెమరీ 16,384 పాయింట్లే ఉంటుంది. పొడవైన ఫైలిస్తే చెప్పాపెట్టకుండా దాన్ని కుదించేసేవి ఉన్నాయి. ఒక సెకను ఫైలు అలా కుదిస్తే 8 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోయినట్టే, బేరింగ్ దెబ్బ మోత చాలావరకు ఉండేది కిలోహెర్ట్జ్‌ల్లోనే. కొత్త_బెంచ్ గారి పెట్టె 49,824 అని సరిగ్గా చూపిస్తోంది కాబట్టి ఆ భయం లేదు.

9. ల్యాబ్_సీనియర్

అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ నిండు చుట్లు కోసినంత మాత్రాన అతుకు పూర్తిగా పోదు, అది చెప్పాలనే రాస్తున్నాను.

షాఫ్ట్‌తో కలిసి తిరిగే సిగ్నల్ మాత్రమే నిండు చుట్లకు అతుక్కుంటుంది. బేరింగ్ దెబ్బల ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ వేగానికి నిండు రెట్లు కాదు. గోళాల సంఖ్య, వాటి వ్యాసం, కోణం బట్టి 3.6 రెట్లో ఇంకోటో వస్తుంది, పైగా గోళాలు కొంచెం జారుతుంటాయి. 24 చుట్లలో 86.4 దెబ్బలు. అతుకు దగ్గర ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య దూరం తప్పుతుంది. దీని మీద, ఏ రెండు క్షణాల్లోనూ ఒకేలా ఉండని రొద ఉండనే ఉంది.

నేను చేసేది క్రాస్‌ఫేడ్. లూప్ పొడవు 49,824. దాని తర్వాత రికార్డులో ఇంకా పాయింట్లు మిగిలి ఉన్నాయి కదా, అందులో 256 తీసుకోండి, అంటే 5 మిల్లీసెకన్లు. లూప్ మొదటి 256 పాయింట్లు సున్నా నుంచి నిండుగా పెరిగేలా, ఈ మిగులు 256 నిండు నుంచి సున్నాకి తగ్గేలా చేసి, రెండూ కలిపి లూప్ మొదట్లో పెట్టండి. అప్పుడు లూప్ ఆఖరి పాయింటు తర్వాత వచ్చేది, అసలు రికార్డులో దాని తర్వాత వచ్చిన పాయింటే. అతుకు దగ్గర గంతు ఉండే అవకాశమే లేదు.

లూప్ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చూసుకోండి. దెబ్బతిన్న బేరింగ్ ఫైల్లో రెండు దెబ్బల మధ్య దాదాపు 11 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆ 5 మిల్లీసెకన్లు దెబ్బల మధ్య నిశ్శబ్దంలో పడేలా మొదలు జరపండి. దెబ్బ మీద పడితే సగం దెబ్బ, సగం రొద కలిసి ఎక్కడా లేని రూపం వస్తుంది.

10. గడియారం

క్రాస్‌ఫేడ్‌తో నాకు ఒక అభ్యంతరం. తిన్నని గీతలా పెంచి తగ్గిస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రొద నడిమధ్యలో 3 డీబీ పడిపోతుంది. సెకనుకోసారి రొద మునిగి తేలినట్టు ఉంటుంది. ఎన్వలప్ (సిగ్నల్ ఎత్తు ఎలా పెరిగి తగ్గుతోందో) చూసే కార్డుకి అదీ ఒక సిగ్నలే. సైన్, కొసైన్ వాలుతో చేస్తే పవర్ నిలుస్తుంది.

11. ల్యాబ్_సీనియర్

నిజమే. కానీ సైన్, కొసైన్ వాలుతో చేస్తే షాఫ్ట్ వేగం భాగం నడిమధ్యలో 3 డీబీ పైకి ఉబ్బుతుంది, ఎందుకంటే నిండు చుట్లు కోశాక అది రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఒకటి తప్పుతుంది. మీ సిగ్నల్లో దేని పాలు ఎక్కువో చూసి ఎంచుకోవాలి. బాగున్న బేరింగ్ ఫైల్లో షాఫ్ట్ భాగమే పెద్దది, అక్కడ తిన్నని వాలు. దెబ్బల మధ్య రొద ముఖ్యమైన చోట మీరు చెప్పినదే మేలు. వీలైతే అసలు మందు పొడవైన రికార్డు. ఒక్క సెకను బదులు 30 సెకన్లు తీసుకుంటే ఆ అతుకు అరనిమిషానికోసారే వస్తుంది. స్పెక్ట్రమ్‌లో 1.03 హెర్ట్జ్‌కొకటి చొప్పున దువ్వెన పళ్లలా వచ్చే గీతలు కూడా దగ్గరకు జరిగి కలిసిపోతాయి.

12. ప్రోబ్_పట్టిన_చెయ్యి

కొత్త_బెంచ్ గారూ, ఆంప్లిట్యూడ్ గురించి ఎవరూ అడగలేదు. ఫైల్లో అంకెలు వోల్టులలోనే ఉన్నాయా? జనరేటర్ ఆంప్లిట్యూడ్ ఎంత పెట్టారు?

13. కొత్త_బెంచ్

వోల్టులలోనే. బాగున్న ఫైల్లో గరిష్ఠం 0.5, కనిష్ఠం మైనస్ 0.37. దెబ్బతిన్న ఫైల్లో గరిష్ఠం 1.2. జనరేటర్ ప్లస్ 1 నుంచి మైనస్ 1 వరకు తీసుకుంటుంది కాబట్టి 2 వోల్టుల పీక్ టు పీక్ పెట్టాను. రెండో ఫైలు ఎక్కించేటప్పుడు 1 దాటిన పాయింట్లున్నాయని హెచ్చరిక వచ్చింది, సరే అని నొక్కేశాను.

14. ప్రోబ్_పట్టిన_చెయ్యి

ఆ హెచ్చరికే అసలు ముఖ్యం. 1 దాటినవన్నీ 1 దగ్గర నరికేసి ఉంటుంది. మీ దెబ్బల శిఖరాలు చదునైపోయాయి. క్రెస్ట్ ఫ్యాక్టర్ (ఆర్‌ఎంఎస్ స్థాయికి శిఖరం ఎన్ని రెట్లో) చూసే కార్డుకి దెబ్బ తీవ్రత తగ్గి కనిపిస్తుంది, మీరేమో కార్డు సరిగ్గా పట్టుకోవడం లేదని రాసుకుంటారు.

రెండు ఫైళ్లనీ ఒకే అంకెతో భాగించండి. పెద్దది 1.2 కాబట్టి 1.3తో భాగించి, ఆంప్లిట్యూడ్ 2.6 వోల్టుల పీక్ టు పీక్ పెట్టండి. ఆ పైన కొంచెం ఖాళీ ఎందుకంటే, కొన్ని పెట్టెల్లో ఇంటర్‌పొలేషన్ ఫిల్టర్ పదునైన అంచు దగ్గర పాయింట్ల కంటే పైకి పోతుంది. నిండా నింపిన ఫైలైతే అది డాక్‌ని దాటిపోతుంది.

ఎక్కించగానే తనంతట తానే ఫైల్‌ని నిండుగా సాగదీసే ఆటో నార్మలైజ్ ఉంటే ఆపేయండి. అది ఉంటే 0.5 ఉన్న మంచి బేరింగూ, 1.2 ఉన్న చెడ్డ బేరింగూ ఒకే ఎత్తుకు వస్తాయి. మీ పరీక్షకు అర్థమే పోతుంది. ఆపే వీలు లేకపోతే ఫైళ్లను విడివిడిగా ఎక్కించి, ఒక్కోదాని అసలు పీక్ టు పీక్‌ని చేత్తో పెట్టుకోవాలి.

మెట్ల సంగతి కూడా చూడండి. 51,208 రేటులో బయటికి వచ్చేది మెట్లమెట్లుగానే ఉంటుంది. 10 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కి 41.2 కిలోహెర్ట్జ్ దగ్గర నీడ వస్తుంది, అసలు దానికంటే 12 డీబీ మాత్రమే తక్కువ. జనరేటర్ లోపలి ఫిల్టర్ మెగాహెర్ట్జ్‌ల కోసం పెట్టింది, దీన్ని ఆపదు. కార్డులో యాంటీ ఎలియాసింగ్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) బలంగా ఉంటే పర్వాలేదు. నమ్మకం లేకపోతే ఫైల్‌ని 8 రెట్లు రీశాంపిల్ చేసి 3,98,592 పాయింట్లుగా, 4,09,664 రేటులో ప్లే చేయండి. నీడ 400 కిలోహెర్ట్జ్ దగ్గరికి పోయి 32 డీబీ కిందికి దిగుతుంది.

15. కొత్త_బెంచ్

అన్నీ చేశాను. 8 రెట్ల పని మాత్రం ఇప్పటికి ఆపాను, కార్డు ఫిల్టర్ 20 కిలోహెర్ట్జ్ దగ్గరే కోసేస్తోంది. షాఫ్ట్ పీక్ 24.67 మీద నిలబడింది. బాగున్న ఫైలు రాత్రంతా ప్లే చేశాను, ఒక్క అలారం రాలేదు. దెబ్బతిన్న ఫైలుకి శిఖరం 12 జీ, రికార్డులో ఉన్నంతే. స్కోప్‌లో అతుకు ఎక్కడుందో సింక్ పల్స్ లేకపోతే నేనే కనిపెట్టలేకపోయాను.

ఇప్పుడు అసలు పరీక్ష. మంచి సిగ్నల్ నడుస్తూ ఉండగా చెడ్డదానికి మార్చి, అలారం రిలే పడటానికి ఎంతసేపు పడుతుందో కొలవాలి. ఫైలు చేత్తో మారిస్తే మధ్యలో అవుట్‌పుట్ ఆగి మళ్లీ వస్తోంది. రెండో చానల్లో చుట్టుకొక టాకో పల్స్ కూడా కావాలి. 24.667 హెర్ట్జ్ పల్స్ పెట్టాను, కానీ ఫేజ్ మెల్లగా జారుతోంది.

16. గడియారం

టాకో జారడానికి కారణం ఆఖరి అంకె. అసలు వేగం 24.66666 అలా పోతూనే ఉంటుంది. 24.667 అని టైప్ చేస్తే తేడా 0.00033 హెర్ట్జ్. నిమిషానికి 7.2 డిగ్రీలు, 50 నిమిషాలకు ఒక నిండు చుట్టు. ఎన్ని అంకెలు పెట్టినా ఎప్పటికో ఒకప్పటికి జారుతుంది. దాన్నీ ఆర్బ్‌గానే గీయండి. 49,824ని 24తో భాగిస్తే సరిగ్గా 2,076. ప్రతి 2,076 పాయింట్లకి ఒక పల్స్, అదే పొడవు, అదే రేటు, ఆపైన రెండు చానళ్లనూ కలిపి మొదలుపెట్టే అలైన్ బటన్. ఇక జారడానికి వీలే లేదు. రెండు వేర్వేరు జనరేటర్లు వాడితే మాత్రం ఒకదాని 10 మెగాహెర్ట్జ్ రెఫరెన్స్ ఇంకోదానికి ఇవ్వాలి.

17. నలభైఎనిమిది_బిట్లు

మార్పు కోసం సీక్వెన్స్ వాడండి. మంచి సెగ్మెంట్ అనంతంగా తిరుగుతూ ట్రిగ్గర్ కోసం ఎదురుచూడాలి, ట్రిగ్గర్ వచ్చాక చెడ్డదానికి వెళ్లాలి. ఇక్కడ ఒక సెట్టింగ్ జాగ్రత్తగా చూడాలి: దూకడం వెంటనేనా, సెగ్మెంట్ పూర్తయ్యాకా? వెంటనే అంటే ఎక్కడ పడితే అక్కడ తెగుతుంది, మళ్లీ పాత నిలువు గీత ప్రత్యక్షం. పూర్తయ్యాకే అని పెట్టండి.

అప్పుడు మంచి సెగ్మెంట్ పొట్టిగా ఉంటే ఎదురుచూపు తగ్గుతుంది. ఒక చుట్టు 2,076 పాయింట్లు 16 గుణిజం కాదు, రెండు చుట్లూ కావు. నాలుగు చుట్లు 8,304, ఇది సరిపోతుంది. అంటే గరిష్ఠంగా 162 మిల్లీసెకన్లు ఆగుతుంది. రెండింటి మధ్య ఇంకో 8,304 పాయింట్ల వంతెన సెగ్మెంట్ ఒక్కసారి ప్లే అయ్యేలా పెట్టి, అందులో మంచిది తగ్గుతూ చెడ్డది పెరిగేలా చేయండి. రెండు రికార్డులనూ టాకో పల్స్ దగ్గరే మొదలుపెట్టండి, షాఫ్ట్ ఫేజ్ కలవాలి.

కాలం కొలవడం మీ వేలు బటన్ నొక్కిన క్షణం నుంచి కాదు. వంతెన మొదటి పాయింటుకి మార్కర్ పెట్టి, ఆ మార్కర్‌నీ రిలే కాంటాక్టునీ స్కోప్‌లో పెట్టి చూడండి.

18. ల్యాబ్_సీనియర్

ఆ నాలుగు చుట్ల సెగ్మెంట్‌ని మార్పు ముందు కాసేపే వాడండి. 162 మిల్లీసెకన్లకే తిరిగి వచ్చే రొద రొదలా ఉండదు, 6.17 హెర్ట్జ్‌కొక గీత నిలబడుతుంది. రాత్రంతా పరీక్షకి పొడవైన లూపే ఉంచండి.

19. కొత్త_బెంచ్

పదిసార్లు చేశాను. మార్కర్ నుంచి రిలే వరకు 3.1 నుంచి 3.3 సెకన్లు, పదిసార్లూ అంతే. ఇదివరకు బటన్ నుంచి కొలిచినప్పుడు ఒక సెకను అటూ ఇటూ అయ్యేది, దాన్ని కార్డు మీదే రాసుకున్నాను. ఆ పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. వంతెన దగ్గర స్కోప్‌లో దెబ్బలు మెల్లగా మొలుచుకొస్తుంటే చూడటానికి చాలా బాగుంది.

ఒక్క చిన్న ప్రశ్న. సెట్టింగ్ సేవ్ చేసి పవర్ తీసి మళ్లీ వేస్తే, సీక్వెన్స్ ఉంది కానీ అవుట్‌పుట్ సైన్ వేవ్ వస్తోంది. ఎందుకు?

20. ప్రోబ్_పట్టిన_చెయ్యి

సేవ్ అయింది సెట్టింగులే, పాయింట్లు కావు. ఫైళ్లు తాత్కాలిక మెమరీలో ఉండిపోయాయి, పవర్‌తో పోయాయి. మూడు సెగ్మెంట్లనూ, టాకోనూ ముందు లోపలి డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి సీక్వెన్స్‌కి ఎక్కించి, ఆ తర్వాత సెట్టింగ్ సేవ్ చేయండి. పవర్ వేశాక అవుట్‌పుట్ ఆన్ చేసే ముందు లోడ్ సెట్టింగ్ కూడా ఒకసారి చూసుకోండి, అది తిరిగి 50 ఓమ్‌లకు వెళ్లే పెట్టెలు ఉన్నాయి.